అటువైపు పూలు

తొంభైల్లో, నేను బహ్రెయిన్‌లో ఉన్నప్పటి మాట. ఒక రోజు నువైద్రాత్ దగ్గర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎందుకు బయల్దేరానో ఇక్కడ అనవసరం. మనసు మొద్దుబారిపోయి ఉంది. ఆ రోజు మొత్తంలో నాకు గుర్తున్నది పక్క సీటులో కూర్చున్న ఆమె ఒక్కతే. ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని ఉంది.

నా నల్లపూసలు చూసి, "తెలుగోళ్ళేనా అమ్మా?" అంది. ఆమెది అమలాపురం వైపట. ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని.

"మొన్న సెలవులకి మా మేడం వాళ్ళు నన్ను కూడా ఫ్రాన్స్ తీసుకెళ్ళారండి. అక్కడ కారు అద్దెకు తీసుకుని పల్లెటూళ్ళన్నీ తిరిగాం."

"ఎలా ఉంది?" అన్నాను. వినాలని కాదు, ఏదో ఒకటి అనాలి కదా అని.

"పొద్దుతిరుగుడు చేలంటండి, ఎంత దూరం పోయినా అవే. పెద్దపిల్లలు ఒకటే కేకలు. అయ్యన్నీ కారుకి అటేపున్నాయి. చంటిదేమో నా చేతిమీద పడుకుంది. నేనటు తిరిగితే లేచిపోద్ది. పోన్లే, వచ్చేటప్పుడు మనేపే వస్తాయి కదా అనుకున్నాను."

"చూశారా మరి?"

"వేరే దారిన తీసుకొచ్చేశారండి."

అని నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు.

హూరాలో దిగాను. బస్సు కదులుతుంటే వెనక్కి తిరిగి చూశాను. కిటికీ సీటు ఖాళీగానే ఉంది. ఆమె ఇటు జరగలేదు. తన చోటే కూర్చుని, ఒళ్ళో సంచిని మెల్లగా జోకొడుతోంది.