గుడ్డుపాటి చెయ్యని మనుషులు

కోడిగుడ్లు పొదిగించే ఆ ఫ్యాక్టరీలో ఆమెని అందరూ పెద్దక్క అంటారు. పందొమ్మిదేళ్లుగా ఒకటే పని. మెషీన్‌లో ఏడు రోజులున్న గుడ్లను చీకటి గదిలో లైటు మీద పెట్టి చూస్తుంది. లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు, ఖాళీగా వెలిగితే లేనట్టు. ఆమె కన్ను తప్పదు, నోరు ఊరుకోదు.

ఆ గుడ్లకు జరిగే మర్యాద చూస్తే ఒళ్లు మండుతుంది. కొత్తల్లుడికైనా అన్ని ఉపచారాలుండవు. వేడి అర డిగ్రీ పెరిగితే గంట మోగుతుంది. గాలి తగ్గినా, తేమ తగ్గినా మోగుతుంది. గంటకోసారి అటూ ఇటూ ఒరిగించాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది. మరి అదే గదిలో ఎనిమిది గంటలు నిలబడే ఆరుగురు ఆడవాళ్లకో? తలుపు తెరిస్తే వెలుతురొస్తుందట, గాలి లేదు. గుడ్ల మీద ఒలుకుతాయట, నీళ్లు లేవు. బాత్రూంకి పూటకొక్కసారే, అదీ సూపర్‌వైజర్‌ని అడిగి. ఈ రూలు పెట్టిన మహానుభావుడు మాత్రం గంటకో కాఫీ తాగి, గంటకోసారి లేచి వెళ్తాడు. ఆయన ఎవరినీ అడగక్కర్లేదు మరి.

పెద్దక్క తోడికోడలికీ అక్కడే పని. ఏడో నెల. మగాణ్ణి అడగడానికి సిగ్గుపడి, ఆ పిల్ల నీళ్లు తాగడమే మానేసింది. జ్వరం పట్టుకుంది. మూత్రంలో చీము చేరిందని, ఇలాగే ఆపుకుంటే నొప్పులు ముందే వచ్చి బిడ్డ దక్కదని డాక్టరమ్మ చివాట్లు పెట్టింది. పెద్దక్క ఆ చీటీ తీసుకెళ్లి సూపర్‌వైజర్‌కి ఇచ్చింది. పైవాళ్లని అడగాలన్నాడు. వారం రోజులు అడుగుతూనే ఉన్నాడు.

ఆ పొద్దున ట్రేలు బయటికి తీసి సగం చూశారో లేదో, తోడికోడలు కళ్లు తిరిగి కూలబడింది. చేతిలో ట్రే కింద పడింది. మొహాన చల్లడానికి గదిలో చుక్క నీళ్లు లేవు. పరిగెత్తుకొచ్చిన సూపర్‌వైజర్ నోట వచ్చిన మొదటి మాట, ఎన్ని పగిలాయని.

పెద్దక్క తలుపు బార్లా తెరిచింది. "లోపల ప్రాణం ఉందో లేదో పందొమ్మిదేళ్లుగా చూస్తున్నా. నీలో ఎంత వెతికినా కనబడట్లేదు," అంది.

తోడికోడల్ని వరండాలో పడుకోబెట్టి, నీళ్లు పట్టించి, అందరూ చేతులు కట్టుకున్నారు. బయటున్న గుడ్లు ఇరవై నిమిషాలు దాటితే చల్లబడి చస్తాయి. సూపర్‌వైజర్ గడియారం చూసి బెదిరించాడు, తర్వాత బతిమాలాడు. పదిహేనో నిమిషంలో పెద్దక్కే లేచి ట్రేలన్నీ లోపల సర్దింది. నోరులేనివాటిదేం పాపం? దారికొచ్చిందనుకుని వాడు ఇకిలించాడు.

"ప్రాణాలు గనక లోపల పెట్టాను. ఇక ఒక్క ట్రే కూడా బయటికి రాదు. వెళ్లి చెప్పుకో."

చచ్చిన గుడ్లు ఏరకపోతే మెషీన్‌లోనే కుళ్లి పేలతాయి, మంచివాటినీ పాడుచేస్తాయి. అది వాడికీ తెలుసు, పైవాళ్లకీ తెలుసు. సాయంత్రానికల్లా అందరూ దిగొచ్చారు. గుమ్మం పక్కన నీళ్ల క్యాను పెట్టారు. ఎవరికి అవసరమైనప్పుడు వాళ్లు వెళ్లొచ్చన్నారు.

నాలుగు రోజులకి తోడికోడలు తిరిగి పనిలోకొచ్చింది. రెండు గ్లాసులు గటగటా తాగింది. కాసేపటికి ఇబ్బందిగా కదిలి, సూపర్‌వైజర్ వైపు చూస్తూ భయం భయంగా చెయ్యెత్తింది. పెద్దక్క ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"అడక్కు. పో."