ఏడో స్తంభం దగ్గర చప్పుడు

అందరూ ఆయన్ని బ్రేకు బాబాయ్ అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా ఒకటే రూటు, ఒకటే నది, ఒకటే వంతెన. వంతెన ఎక్కే ముందు బస్సుని ఆపినంత పని చేసి, నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తుకున్నట్టు నెమ్మదిగా దాటించేవాడు. వెనక సీట్లలోంచి "బాబాయ్, దిగి తోయమంటావా?" అని కుర్రకారు వేళాకోళం చేస్తే అద్దంలోంచి చూసి నవ్వేవాడే తప్ప పెడలు మీంచి కాలు తీసేవాడు కాదు.

ఆ వంతెనకి పద్నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభం మీద రోడ్డు ముక్కకీ ముక్కకీ మధ్య ఇనుప పళ్ళ జాయింటు ఒకటి ఉంటుంది. ముందు చక్రాలకి ఒక టక్, వెనక చక్రాలకి ఒక టక్. రోజుకి ఎనిమిదిసార్లు వినీ వినీ ఆయనకది సొంతింటి తలుపు గడియ చప్పుడంత పరిచయం. ఒక ఎండాకాలం ఉదయం ఏడో స్తంభం దగ్గర ఆ టక్ కాస్తా ధబ్ అయింది.

"విన్నావా అమ్మాయ్?" అని కండక్టరుని అడిగాడు.

"ఏం వినాలి బాబాయ్? నా చెవుల్లో చిల్లర గోలే సరిపోతోంది" అంది ఆమె.

మధ్యాహ్నం బస్సు ఆగిన అరగంటలో ఆయన వంతెన మీదికి నడిచి వెళ్ళాడు. జాయింటు సందులో రెండు వేళ్ళు పట్టాయి. నెల తిరిగేసరికి నాలుగు వేళ్ళు పట్టాయి. కమ్మీల మీంచి వంగి కిందకి చూస్తే, రోడ్డు ముక్క ఆనుకునే నల్ల రబ్బరు దిమ్మ పక్కకి జారి, నాలుక బయటపెట్టినట్టు వేలాడుతోంది. ఆయన అప్పటిదాకా ఏ ఆఫీసు గడపా తొక్కిన మనిషి కాదు. రేషను కాగితాల దగ్గర్నుంచి అన్నీ భార్యే చూసుకునేది. ఆవిడ అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఆయా. రోజూ ఆయన నడిపే మొదటి ట్రిప్పులోనే, ఆయన వెనక సీట్లోనే కూర్చుని పనికి వెళ్ళేది.

డిపో మేనేజరు ఆయన మాట పూర్తిగా విని, "బస్సు మనది బాబాయ్, రోడ్డు మనది కాదు" అని చేతులు దులిపేసుకున్నాడు. వంతెనల ఆఫీసులో ఇంజనీరు దొరకడానికి మూడు వారాలు పట్టింది.

"మీరేమైనా ఇంజనీరింగు చదివారా?" అని అడిగాడు ఇంజనీరు.

"లేదండీ. డ్రైవర్ని. రోజుకి ఎనిమిదిసార్లు దాని మీద ఉంటాను."

"వంతెన లక్షణంగా ఉంది. వెళ్ళి మీ పని చూసుకోండి."

"ఆ ముక్కే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇప్పించండి. వెళ్ళిపోతాను."

ఇంజనీరు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి వేరే ఫైలు తెరిచాడు.

అప్పుడు ఆయన సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాడు. వంతెనని ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ నివేదిక నకలు ఇవ్వండి అని రెండే రెండు వాక్యాలు. నెల రోజులకి జవాబొచ్చింది: ఆ నివేదిక ఇక్కడ లేదు, పై ఆఫీసుని అడగండి. పై ఆఫీసు ఇంకో నెల తీసుకుని, భద్రతా కారణాల వల్ల ఇవ్వలేం అంది. ఆయన ఆ కాగితాన్ని బస్సులో రెండుసార్లు, ఇంట్లో ఒకసారి చదువుకున్నాడు. "నేనడిగింది కూడా భద్రత గురించే కదే" అని భార్యతో అన్నాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "వాళ్ళ భద్రత గురించేమో" అంది.

చిక్కంతా ఆ ఆదివారం మొదలైంది. ఆవిడ తమ్ముడు వంతెనల ఆఫీసులోనే గుమాస్తా. ఆరేళ్ళుగా తాత్కాలికం, ఈ ఏడు పర్మినెంటు చేస్తారని ఆశ. వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"బావా, ఆ డ్రైవరు నీకేమవుతాడని మా సారు నన్ను పిలిచి అడిగాడు."

"ఏం చెప్పావురా?"

"అక్క మొగుడని చెప్పాను. అబద్ధం చెప్తే మాత్రం దాగుతుందా? దయచేసి ఇక్కడితో వదిలెయ్ బావా. నీకు దండం పెడతాను."

ఆవిడ ఇటు మొగుడినీ అటు తమ్ముడినీ చూసి, "ముందు భోజనం చెయ్యండి ఇద్దరూ" అని కంచాలు పెట్టింది. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, బావ మొహం వైపు చూడకుండా ఆ కుర్రాడు మెల్లిగా అన్నాడు:

"ఆ నివేదికలో ఏముందో నేను చెప్పకూడదు. కానీ అక్కని రోజూ ఆ బస్సెక్కించకు."

అంతే. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట బయటపెడితే బావమరిది నోటికాడ ముద్ద పోతుంది. మింగేస్తే రోజూ అరవై మందిని ఎక్కించుకుని ఆ వంతెన మీదే నడపాలి. భార్యని ఆ బస్సెక్కడం మానెయ్యమంటే, "మిగతా యాభై తొమ్మిది మంది మాటేమిటి? వాళ్ళకి తమ్ముళ్ళు లేరనా?" అని అడిగింది.

మర్నాడు ఉదయం ఆరో స్తంభం దగ్గర బస్సాపి, "అందరూ దయచేసి దిగి, ఎనిమిదో స్తంభం దాకా నడవండి. ఖాళీ బస్సు తెచ్చి అక్కడ ఎక్కించుకుంటాను" అన్నాడు. బస్సులో గొణుగుడు మొదలైంది. మొదట దిగింది ఆయన భార్య. ఆమె వెనకే సంచీ బిగించుకుని కండక్టరు దిగింది. ఒక్కొక్కరే దిగారు. మోకాళ్ళ నొప్పుల ముసలామె మాత్రం కదల్లేదు.

"నేను దిగను నాయనా. పోతే నీతోపాటే పోతాను" అంది.

ఆమెని కూర్చోబెట్టుకునే ఆయన ఏడో స్తంభం దాటాడు.

పదకొండు రోజులు అలా నడిచింది. కొందరు నవ్వుకున్నారు, కొందరు ఆలస్యమైందని తిట్టారు, కొందరు వంగి ఆ రబ్బరు దిమ్మని చూసి మిగతావాళ్ళని పిలిచి చూపించారు. పన్నెండో రోజు మేనేజరు మెమో చేతిలో పెట్టాడు. ప్రయాణికులను అకారణంగా భయపెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మళ్ళీ చేస్తే సస్పెన్షను.

మేనేజరు చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, "ఊళ్ళో రూటు ఇస్తాను బాబాయ్. జన్మలో వంతెన మొహం చూడక్కర్లేదు" అన్నాడు.

"మరి ఈ రూటు సార్?"

"ఇంకొకరు నడుపుతారు."

"వాళ్ళకి ఆ చప్పుడు తెలీదు కదండీ."

ఊళ్ళో రూటు తీసుకోలేదు. మెమో మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ నిండు బస్సుతోనే దాటడం మొదలుపెట్టాడు. నివేదిక కోసం అప్పీలు వేస్తే విచారణకి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన సగం మనిషైపోయాడు. ఆరో స్తంభం రాగానే ఊపిరి బిగబట్టేవాడు, ఎనిమిదో స్తంభం దగ్గర వదిలేవాడు. రోజుకి ఎనిమిదిసార్లు. ఇంట్లో నడుస్తున్నా గడప దగ్గర కాలు తడబడేది.

చివరికి అప్పీలు విచారణకి పిలుపొచ్చింది. అధికారి ముందు ఇటు ఆయన ఒక్కడు, అటు ఇంజనీరూ ఇద్దరు సహాయకులూ కూర్చున్నారు. నివేదిక బయటకొస్తే జనం కంగారుపడతారని ఇంజనీరు చెప్పాడు. అధికారి విసుగ్గా, "కనీసం అట్ట, సంతకం, తేదీ ఉన్న పేజీలు ఇవ్వండి. ఆయనకి తనిఖీ జరిగిందన్న తృప్తైనా ఉంటుంది" అని ఉత్తర్వు రాసి ఫైలు మూసేశాడు.

వారం తర్వాత మూడు కాగితాలొచ్చాయి. ఒకటి అట్ట. ఒకటి సంతకాలు, తేదీ. తనిఖీ జరిగి అప్పటికే రెండేళ్ళ నాలుగు నెలలు. మూడో కాగితం విషయసూచిక. పొరపాటున దాన్ని కూడా కలిపి కుట్టేశారు. ఆయన వేలితో ఒక్కో వరసా తడుముతూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. 'ఏడవ స్తంభం: భారీ వాహనాలను తక్షణం నిలిపివేయవలసిన ఆవశ్యకత. పేజీ 31.'

ఆ కాగితం నకలు తన సీటు వెనక అద్దానికి అంటించాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎక్కినవాళ్ళు చదివారు. చదివినవాళ్ళు ఫొటోలు తీశారు. నాలుగో రోజుకి వంతెన రెండు చివర్లా జనం చేరారు. ఆరో రోజు అడ్డంగా సిమెంటు దిమ్మలు పెట్టి, బస్సులూ లారీలూ వెళ్ళరాదని బోర్డు తగిలించారు. నడిచి వెళ్ళేవాళ్ళకి అడ్డు లేదు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకునేవాళ్ళు అవతలి ఒడ్డున ఎవరూ లేరు. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రెండున్నర గంటలు. రూటు రద్దయింది. కండక్టరుని వేరే డిపోకి పంపేశారు. ఆయన్ని యార్డులో వేశారు. కడగడానికి వచ్చిన బస్సుల్ని వంద గజాలు ముందుకి, వంద గజాలు వెనక్కి నడపడమే ఇప్పుడు ఆయన పని. మోకాళ్ళ నొప్పుల ముసలామె ఎవరితోనో, "బ్రేకు వేసి వేసి ఆఖరికి మా బతుకులకే వేశాడు" అందట.

బావమరిదికి పర్మినెంటు కాలేదు. కాగితం బయటపెట్టింది వాడేనని ఆఫీసంతా నమ్మింది. ఆయన పరిగెత్తుకెళ్ళి ఇంజనీరుని పట్టుకుని, "ఆ కాగితం మీరు పంపిన కట్టలోనే ఉందండీ. మావాడికి ఏ పాపం తెలియదు" అన్నాడు.

"మావాడు అంటున్నారుగా. ఇంకేం కావాలి?" అన్నాడు ఇంజనీరు.

ముప్ఫయ్యొకటో పేజీ ఇంకా రాలేదు. ఆయన రెండో అప్పీలు వేశాడు. ఏడు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు.

భార్య ఇప్పుడు రోజూ ఆ వంతెన మీంచి నడుచుకుంటూ ఆసుపత్రికి వెళుతోంది. తన సెలవు రోజున ఆయన కూడా తోడు వెళ్ళాడు. ఏడో స్తంభం దగ్గర ఆవిడ ఆగి, "మనుషుల బరువుకి ఆగుతుందంటారా?" అని అడిగింది.

"తెలీదే. ఆ కాగితాలు ఇస్తే కదా" అన్నాడు.

అవతలి ఒడ్డు చేరాక ఆవిడ ఫోను తీసి ఆయన చేతికిచ్చింది. "తమ్ముడు ఇంటికి రమ్మంటే నా మాట వినడం లేదు. మీరొకసారి చెయ్యండి" అంది. ఆయన బావమరిదికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆవిడకి డ్యూటీ వేళ మించిపోతోంది. అయినా లోపలికి వెళ్ళకుండా ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది.