ఒక్క వేలు

డుంబ్రిగుడ దగ్గర కొండవాలులో, టూరిస్టులు మట్టి దిబ్బల మీంచి సైకిళ్లు ఎగిరించే చోట పాంగి గాసి మెకానిక్కు. ఆ వాలు ఒకప్పుడు అతను రాగులు పండించిన చోడి చేనే. రోజూ పొద్దున్నే ప్రతి సైకిలు హ్యాండిలుకీ చెవి ఆనించి బ్రేకు నొక్కి చూస్తాడు. కొత్త సైకిళ్లకు ఏ బ్రేకులు వేయిద్దామని యజమాని అడిగితే, "కేబులే బాబూ. తెగీముందు ఒక్కో పోగూ లేచి సెప్తాది. నూనె బ్రేకు సెప్పకుండా సచ్చిపోద్ది" అన్నాడు. యజమాని నవ్వి, ఆ నూనె బ్రేకులే, హైడ్రాలిక్‌వే తెప్పించాడు.

"ఒక్క వేలు ఆనిస్తే చాలు గాసీ, పనైపోతుంది!"

గాసి గ్రీజు అంటిన బొటనవేలు చొక్కాకు తుడుచుకున్నాడు. చేను లీజు కాగితం మీద ముద్ర వేసిందీ ఆ వేలే.

"తెలుసు బాబూ. నా సేను పోడానికీ ఒక్క వేలే సాలింది."