చిన్నవాడికి లెక్క నేర్పింది ఎవరు

దయ్యాల సంగతులు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. బడిలో నేను చదివింది ప్రాథమిక తరగతుల వరకే. తర్వాత నేర్చుకున్నదంతా మలేషియాలో ఒక పామాయిల్ తోట తూకం షెడ్డులో, కాటా ముందు నిలబడి నేర్చుకున్నదే. గెలల బరువు చూసి ఎంత నూనె దిగుతుందో, వర్షాకాలం ఎంత తరుగు పోతుందో నాకు నేనే లెక్క కట్టుకోవడం అలవాటైంది. తూకానికి రాని దాన్ని నమ్మే స్వభావం కాదు నాది. ఇప్పటికీ కాదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి తోటపనికి ఓడెక్కి వెళ్ళాడట. ఆయన ఊరు పేరు మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. మేము పుట్టి పెరిగింది మలేషియాలోనే. 2011లో మా ఆయనకు ఖమ్మం జిల్లాలో ఒక నూనె మిల్లులో మెకానిక్‌గా మూడేళ్ళ ఒప్పందం మీద ఉద్యోగం వచ్చింది. మిల్లు దగ్గర పిల్లలకు మంచి బడి లేదని నన్నూ, ఇద్దరు మగపిల్లల్నీ హైదరాబాదులో, చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి పెట్టారు. ఆయన ఆదివారాలు వచ్చేవారు, కొన్ని ఆదివారాలు అదీ కుదిరేది కాదు.

సొంత దేశానికి వెళ్తున్నారు, అదృష్టవంతులు అని అక్కడి వాళ్ళు మమ్మల్ని సాగనంపారు. మాకు మాత్రం అది కొత్త దేశమే. బియ్యం రుచి కొత్త, నీళ్ళు వచ్చే వేళ కొత్త. అన్నిటికన్నా కొత్త, తెలుగు.

మా తోటల్లో మాట్లాడే తెలుగు ముత్తాతల నాటిది. మార్కెట్లో ఒక ఆకుకూర చూపించి ‘ఇదేటండీ’ అని అడిగితే కూరలమ్మే ఆవిడ పక్కనామెను పిలిచి మళ్ళీ నాతో అనిపించింది. ముందు పోర్షన్‌లో ఉండే ఇంటి యజమానురాలు సుగుణమ్మ గారు మంచి మనిషి. ఆవిడ కూడా నేను మాట్లాడుతుంటే పాత నాటకం విన్నట్టుందని నవ్వేది. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ నేను మెల్లగా మాట తగ్గించేశాను. కొట్లో వేలితో చూపించేదాన్ని. అశోక్ నగర్‌లో పరీక్షలకు చదువుకునే పిల్లలు మా సందులోంచే వెళ్తూ ‘నమస్తే అక్కా’ అంటే తల ఊపేదాన్ని. చలికాలం వచ్చేసరికి అన్నానికి పిలవడానికి తప్ప నోరు విప్పని రోజులు ఎక్కువయ్యాయి.

పెద్దవాడు కిరణ్‌కు అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడు నెట్టుకొచ్చాడు. చిన్నవాడు రవికి అయిదు. విమానంలో కూడా వసపిట్టలా వాగినవాడు, ఇక్కడికి వచ్చిన కొద్ది వారాలకే మాట్లాడటం మానేశాడు. సందులో పిల్లలు వాడి మలయ్ మాటలు విని, వాటిని పాటలా పాడారు. ఆ రోజు లోపలికి వచ్చినవాడు మళ్ళీ ఆటకు గేటు దాటలేదు. ఆకలైతే గిన్నె చూపించేవాడు. అన్నతో కూడా సైగలే.

నారాయణగూడలో ఒక డాక్టరు చెవులు, గొంతు చూశారు. లోపం ఏమీ లేదు, ఓపిక పట్టమన్నారు. బడివాళ్ళు మాత్రం, అడిగిన దానికి నోటితో జవాబు చెబితేనే వేసవి తర్వాత చేర్చుకుంటామన్నారు. మా ఆయన లెక్క మా ఆయనకుంది. అప్పటికీ మాట రాకపోతే నేను పిల్లల్ని తీసుకుని తిరిగి వెళ్ళిపోవాలి, ఆయన ఒప్పందం ముగించుకుని వస్తారు. తిరిగి వెళ్ళడానికి అక్కడ మాకు ఇల్లు లేదు. మా అమ్మానాన్నలు పోయారు. ఇల్లంతా విడగొట్టుకుని ఎక్కడ దిగాలో నాకు తెలియదు. వాడి నోట ఒక మాట రావాలి. ఆ చలికాలమంతా నాకు వేరే కోరిక లేదు.

పొద్దున్నే కిరణ్‌ను నారాయణగూడలో బడి దగ్గర దింపడానికి నడిచి వెళ్ళేదాన్ని. ఆ వేళ రోడ్డు మీద ఆటోల రద్దీలో పిల్లవాడి చెయ్యి వదిలే వీలు లేదు. రవి నాతో రాడు. వాడిని ఇంట్లో ఉంచి, సుగుణమ్మ గారితో చెప్పి వెళ్ళేదాన్ని. ఆవిడ ముందు వరండాలో కూర్చుని కూర బాగుచేసుకుంటూ ఒక కన్ను మా వైపు వేసి ఉంచేది. ఇంటికి ఒకటే గేటు. మా పోర్షన్‌కు వెళ్ళాలంటే ఆవిడ ముందు నుంచే వెళ్ళాలి. వెనక అంతా పక్కింటి గోడ. ఇవన్నీ తర్వాత నేను చాలాసార్లు చూసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఒకరోజు నేను తిరిగి వచ్చి గేటు తీస్తుంటే ఆవిడ ఆశ్చర్యపోయింది.

“మళ్ల ఎప్పుడు బైటికి పోయినవమ్మా? లోపలున్నవ్ గద.”

ఇప్పుడే వస్తున్నానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

“మరి గింతసేపు పిలగానితోని ముచ్చట పెట్టింది ఎవరు? నీ మాట నాకు తెల్వదా? ఏటి, ఏటి అనుకుంట. గా మాట ఈ గల్లీల ఇంకెవ్వరిది?”

పెద్దావిడ, ఏ టీవీ చప్పుడో విని ఉంటుందనుకున్నాను. మా పోర్షన్‌లో అప్పటికి టీవీ లేదు. పక్కింటిదై ఉంటుందని సరిపెట్టుకున్నాను. లోపలికి వెళ్తే రవి వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఏడుపు లేదు. ముఖం కడిగినట్టు తేటగా ఉంది. అది మాత్రం గమనించాను.

తర్వాత వారంలోనే అనుకుంటాను, నేను చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల నుంచి రవి గొంతు వినిపిస్తోంది.

వాడు బియ్యం డబ్బా మూత తీసి ముందు పెట్టుకున్నాడు. స్టీలు గ్లాసుతో తీసి పళ్ళెంలో పోస్తున్నాడు. పోసేటప్పుడు గ్లాసు అంచు అరచేత్తో సమం చేస్తున్నాడు.

“లాభం. రెండు. మూడు.”

ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టడం వెనకటి కొలతల పద్ధతి అని చాలామందికి తెలుసు. అది కాదు నన్ను నిలబెట్టేసింది. కొలవడం అయ్యాక వాడు పళ్ళెంలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి తిరిగి డబ్బాలో పోశాడు. పోస్తూ, “ఇది ఇంటికి” అన్నాడు.

ఆ మాట మా నాయనమ్మది.

తోటలో కూలీల వరస ఇళ్ళకు వారంవారం బియ్యం కొలిచి ఇచ్చేది ఆవిడే. ప్రతి ఇంటి కొలత అయ్యాక దానిలోంచి ఒక పిడికెడు తిరిగి బస్తాలో వేసి ‘ఇది ఇంటికి’ అనేది. ఏ ఇంటికి అని నేను అడిగితే చెప్పేది కాదు. లాభం అనేది అంకె కాదు కదా అని కూడా చిన్నప్పుడు ఆవిడతో దెబ్బలాడేదాన్ని. ఆ పంతంతోనే నేను జీవితంలో ఎప్పుడూ లాభం అని కొలవలేదు. నాయనమ్మ నా పెళ్ళికి చాలా ముందే పోయింది. మా అమ్మ ఆ అలవాటు పట్టుకోలేదు. మా ఆయనది వేరే తోట, వాళ్ళకు ఈ మాట తెలియదు. పిల్లలకు నాయనమ్మ గురించి చెప్పుకునే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు.

గుమ్మం దగ్గర నేను కదిలానేమో, రవి తల తిప్పి నన్ను చూశాడు. తర్వాత డబ్బాకు అవతలి పక్క, ఖాళీగా ఉన్న నేల వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. అప్పుడు వాడి ముఖంలో భయం లేదు. రెండు వస్తువుల్లో ఏది పెద్దదో తేల్చుకునే పిల్లవాడిలా ఉన్నాడు, అంతే.

ఎవరు నేర్పారు నాన్నా అని అడిగాను. వాడి నోరు మూసుకుపోయింది. చీకటి పడేదాకా మళ్ళీ తెరుచుకోలేదు. ఆ పూట నేను పడిన భయానికి, ఇంక ఆ ప్రశ్న అడగనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు నేర్పితే నాకేం, మాట ఉంటే చాలు.

ఆదివారం మా ఆయన వచ్చినప్పుడు చెప్పాను. నువ్వే ఎప్పుడో అని ఉంటావు, నీకు గుర్తు లేదు, వాడికి ఉంది అన్నారు. సబబైన మాటే. దాన్ని నేను కొట్టిపారేయలేదు. సుగుణమ్మ గారిని కూడా అడిగాను, ఆవిడ జనగామ వైపు పల్లెలో పుట్టిన మనిషి కదా అని. లాభం అనడం తమ ఊళ్ళోనూ ఉందని చెప్పింది. పిల్లవాడి ముందు తను ఎప్పుడూ అనలేదట.

“గిన్నె ఉత్తగ చెయ్యొద్దని నాలుగు గింజలు మళ్లేస్తం, గది నిజమే. గని ఇంటికి అని ఎవ్వరనరు. ఇంట్లనే ఉండంగ మళ్ల ఇంటికేందమ్మా?”

బియ్యం కూడా చూశాను. మేము తినేదానికీ, డబ్బాలో మిగిలేదానికీ తేడా రాలేదు. నాకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

అక్కడి నుంచి రవికి మాట తిరిగి వచ్చింది. ముందు అంకెలు, తర్వాత గిన్నెల పేర్లు, ఆ తర్వాత ప్రశ్నలు. మొదటి ప్రశ్న ‘ఇదేటి’. అచ్చం మా తోట మాట. అప్పుడప్పుడు నేను కిరణ్‌ను బడిలో దింపి వచ్చేసరికి సుగుణమ్మ గారు నన్ను కాస్త వింతగా చూసేది. లోపల మాటలు వినబడ్డాయని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. వేసవిలో బడివాళ్ళు అంకెలు చెప్పమంటే వాడు లాభం, రెండు అని మొదలుపెట్టాడు. ఆ టీచరమ్మ పడీపడీ నవ్వి పేరు రాసుకుంది. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అయితే ఉందాం అన్నారు.

వానలు పడేసరికి వాడు ఆటకు గేటు దాటాడు. దసరా నాటికి సందులో పిల్లల్ని వాళ్ళ మాటల్లోనే తిట్టడం నేర్చాడు.

ఇద్దరూ బడికి వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ అయింది. అప్పుడు తెలిసింది నాకు, సుగుణమ్మ గారు విన్న ఆ గొంతు కోసం నేనూ ఎదురుచూస్తున్నానని. పని ముగించుకుని బియ్యం డబ్బా దగ్గర, రవి కూర్చున్న చోటే కూర్చునేదాన్ని. ఒకరోజు చుట్టూ చూసుకుని, గ్లాసుతో కొలిచి లాభం అని పైకే అన్నాను. పక్కింటి కుక్కర్ విజిల్ తప్ప ఏమీ వినబడలేదు. అవతలి పక్క నేల ఎంత సేపటికీ నేలగానే ఉంది. నాయనమ్మే అయితే నా దగ్గరికి ఎందుకు రాలేదు? నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి కదా.

2014లో ఒప్పందం ముగిసేముందు ఒకరోజు రవి వంటింట్లో కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళవాడు, ఇప్పుడు అడిగినా మాట పోదు అనిపించింది. చిన్నప్పుడు నీకు బియ్యం కొలవడం ఎవరు నేర్పారు అన్నాను. ఎవరో ముసలావిడ అంటాడనే అనుకున్నాను. వాడు పెన్సిల్ కూడా ఆపలేదు.

“నువ్వే గదమ్మా.”

ఎప్పుడు అని అడిగాను.

“అన్న బడికి పోయినంక. గీడ కూసుంటుంటివి గద.”

నేను మా నాయనమ్మ పోలిక కాదు. ఆవిడ పొట్టి, చామనఛాయ. నేను పొడుగు, మా అమ్మ వైపు పోలిక. ఇది రవికి చెప్పలేదు. ఒకరోజు నేను రోడ్డు మీద నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను, గుర్తుందా, మరి అదెవరు అని మాత్రం అడిగాను.

వాడు తల ఎత్తాడు.

“గదీ నువ్వే. గని లోపలున్నప్పుడు మస్తు మాట్లాడుతుంటివి అమ్మా. నవ్వుతుంటివి గూడ.”

అని మళ్ళీ పుస్తకంలోకి వంగాడు.

మా ఆయన ఇది పిల్లవాడి కల్పన అంటారు. సుగుణమ్మ గారు విన్నదాన్ని పెద్దావిడ భ్రమ అంటారు. రెండూ విడివిడిగా ఒప్పుకోగలను. రెండిటినీ పక్కపక్కన పెడితే ఒప్పుకోలేకపోతున్నాను. ఆ ఉదయాల్లో నేను నారాయణగూడ రోడ్డు మీద, పెద్దవాడి చెయ్యి పట్టుకుని ఉన్నాను. నోట్లోంచి మాట రాని రోజులవి. నా ముఖంతో, నా మాటతో, నా బిడ్డ ఎదురుగా కూర్చుని నవ్వింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.