కవరు మీదకి రాని క్లారినెట్

తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవులు... తాడేపల్లిగూడెంలో మా ఇంటి వసారాలో చాప పరుచుకుని, నేనూ నా స్నేహితురాలు రజియా ఒక సంగీత పత్రిక పెట్టేశాం. పెట్టేశాం అంటే పెద్ద మాటే... డ్రాయింగు షీట్లు మడిచి సూదీదారంతో కుట్టిన పన్నెండు పేజీలు. ఉన్నది ఒక్కటే ప్రతి. బొమ్మలు అతికించడానికి జిగురు లేకపోతే అన్నం మెతుకులే గతి.

సంపాదకురాలిని నేను. ఎవరూ నియమించలేదు... స్కేలు నాది కాబట్టి.

ఇంట్లో ఉన్న పాత వారపత్రికల కట్ట ముందేసుకుని, వాటిలో ఉన్నట్టే అన్నీ చేశాను. పేరు పైన, పెద్ద అక్షరాల్లో. దాని కింద నవ్వుతూ మనవైపే చూసే మొహం. లోపల విషయసూచిక, తర్వాత సంపాదకీయం. పేజీకి రెండు కాలమ్‌లు, మధ్యలో గీత. గీత వంకరపోతే పేజీ చింపేసేదాన్ని. అంత పెత్తనం నాది!

రజియా వాళ్ళ నాన్న కరీం గారు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఉండి ఊరు, ఆకివీడు, కొల్లేటి లంకల దాకా వెళ్ళేవారు. ఎన్ని పెళ్లిళ్ళు వాయించారో... అయినా ఆయన వాయిస్తుండగా తీసిన ఫొటో ఇంట్లో ఒక్కటే ఉండేది. అప్పట్లో రీలు కెమెరాలు కదా... బ్యాండువాళ్ళ మీద రీలు ఎవరు వృథా చేస్తారు? ఉండిలో ఒక ఊరేగింపులో, పెళ్లికొడుకు పక్కకి తప్పుకున్న క్షణంలో ఈయన ఫొటోలో పడ్డారట. ఆల్బమ్‌కి పనికిరాదని ఫొటోగ్రాఫరు ఆయనకే ఇచ్చేశాడు.

ఆ ఫొటో రజియా పట్టుకొచ్చింది.

"కవరు మీద మా నాన్నని వేద్దామే. ఫొటో మొత్తం, పేజీ నిండా. పేరు కింద రాసుకుందాం."

"పేరు కింద రాస్తారా ఎక్కడన్నా? పైగా కళ్ళు మూసుకున్నారు, బుగ్గలు పొంగిపోయున్నాయి. కవరు మీద ఇలాంటి మొహం ఎవరూ వెయ్యరే."

"వాయించేటప్పుడు అలాగే ఉంటారే మరి."

"అయితే లోపల వేద్దాంలే."

తను అన్నానికి ఇంటికెళ్ళింది. నేను కవరు మీద వారపత్రికలోంచి కత్తిరించిన ఒక పెద్ద గాయని బొమ్మ అతికించేశాను. పదకొండో పేజీలో 'మన ఊరి కళాకారులు' అని గడి గీశాను. ఫొటో ఆ గడిలో పట్టలేదు. గడి పెద్దది చేస్తే కాలమ్ పాడవుతుంది... అందుకని ఫొటోనే కత్తిరించాను. మొహం సరిగ్గా పట్టింది. కింద పడిన ముక్కలు చీపురుతో ఊడ్చేశాను.

రజియా వచ్చి చూసింది. పుస్తకం తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి చూపించింది. సాయంత్రం ఆయనే మా గుమ్మం దాకా వచ్చారు.

"చాలా నీటుగా చేశారమ్మా," అన్నారు. కాసేపు ఆ పేజీ చూసి నవ్వారు. "క్లారినెట్ పోయేసరికి చుట్ట కాలుస్తున్నట్టున్నానమ్మా!"

మేమూ నవ్వేశాం. ఊపిరి చెడిపోతుందని ఆయన జీవితంలో బీడీ కూడా ముట్టలేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

రెండో సంచిక రాలేదు.

ఇప్పుడు నేను ఏలూరులో పత్రికలకి పేజీలు డిజైన్ చేస్తుంటాను. కవరు మీద సగం మొహం వేస్తాను, కళ్ళు మూసుకున్న మొహం వేస్తాను, పేరు తీసుకెళ్ళి అడుగున పెడతాను. "కొత్తగా ఉందండీ," అంటారు. నాకేమీ అనిపించదు.

పోయిన నెల కరీం గారు పోయారు. నాలుగు రోజులకి రజియా ఫోన్ చేసింది.

"మన పత్రిక నా దగ్గరే ఉందే. నాన్న మొహం ఉంది. అమ్మ, ఆయన వాయిస్తున్నట్టు చూడాలంటోంది... మిగతా ముక్క నీ దగ్గరేమన్నా ఉందా?"

"వెతుకుతానే," అన్నాను.

ఫోన్ పెట్టేసి, మధ్యలో ఆపిన పేజీ పూర్తిచేశాను. టీ తాగాను. ఏడుపు రాలేదు... నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కితే ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు పెళ్లంటే ప్రతివాళ్ళ చేతిలోనూ కెమెరానే... బ్యాండువాళ్ళూ, వంటవాళ్ళూ అందరూ పడతారు. అప్పుడు వాయించినవాళ్ళ పాటకి మనం నడిచాం గానీ, వాళ్ళ మొహాలు దాచుకోలేదు.

గూడెం, ఉండి, ఆకివీడు, కొల్లేటి వైపు వాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే... మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఉంటే ఒక్కసారి తీసి చూడండి. ఊరేగింపులో ముందు వరసలో సన్నటి మనిషి, కళ్ళు మూసుకుని క్లారినెట్ వాయిస్తూ... మసకగా ఉన్నా, సగమే పడినా ఫర్వాలేదండీ. ఫొటో మొత్తం పంపండి.

రజియా నిన్న కూడా అడిగింది. వెతుకుతున్నాననే చెప్పాను.