తోడుకోని పాలు

పరిశోధనలో చేరిన కొత్తలో నాకు తెలివితేటలకంటే తొందర ఎక్కువ. (ఇప్పుడు తొందర తగ్గింది. తెలివితేటల సంగతి నా విద్యార్థులు చెప్పాలి.) సముద్రం అడుగున రాయికి అతుక్కుని, కదలకుండా బతికే స్పాంజి అనే జీవి ఒకటుంటుంది. దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా ఇతర క్రిములను చంపే మందు తయారుచేస్తుంది. ఆ మందును రాబట్టడమే హైదరాబాదులో నా పని. రెండేళ్లు బతిమాలినా నా బ్యాక్టీరియా చుక్క మందు కార్చలేదు. "ఈ నెలాఖరుకి ఏమీ తేలకపోతే అంశం మార్చుకోమ్మా" అన్నారు మా సారు. నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే ల్యాబులో ఫ్రిజ్ చెడిపోతే, నా బ్యాక్టీరియా మిగిలిన ఒకే ఒక్క సీసాను ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టుకుని, బస్సెక్కి నారాయణఖేడ్‌లో మా ఇంటికి తెచ్చేశాను. (నా విద్యార్థులెవరైనా ఇప్పుడీ పని చేస్తే చెవి మెలిపెడతాను.)

మా ఇంట్లో ఫ్రిజ్ నాయనమ్మ రాజ్యం. తోడు అడగొచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపకూడదని ఆమె పట్టుదల. అందుకని కొంచెం గడ్డపెరుగు ఎప్పుడూ ఓ చిన్న పచ్చడి సీసాలో తీసిపెట్టేది. దాదాపు అంతే ఉన్న నా సీసాను తీసుకెళ్లి దాని పక్కనే పెట్టాను. అందులోనూ తెల్లగా, చిక్కగా పేరుకుని ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. పైన ఇంగ్లీషులో పేరు రాశాను కదా అని ధీమా. నాయనమ్మకు తెలుగు అక్షరాలే రావు.

మర్నాడు పొద్దున పక్కింటి సిర్గాపూరక్క (పుట్టినూరి పేరుతోనే పిలిచేవాళ్లం) మా గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

"నిన్న ఏం తోడిచ్చినవ్ అవ్వా? రాత్రంత మూతేసి పెట్టిన. పాలు పాలే ఉన్నయ్! ఇగ బర్రెకు పోస్త."

ఫ్రిజ్ తెరిచాను. పెరుగు సీసా ఉంది. నాది లేదు. నాయనమ్మ సీసా మార్చి ఇచ్చేసింది. రెండేళ్ల చదువు బర్రె కుడితిలో కలవబోతోంది. "అక్కా, పారబొయ్యకు! నీ కాల్మొక్త!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా వాళ్లింటికి ఉరికాను. గిన్నె ఇంకా పొయ్యి గట్టు మీదే ఉంది.

"తాగినవా అక్కా?"

"థూ, గదెవలు తాగుతరు? వాసనకే కడుపుల తిప్పింది."

గిన్నెను పసిబిడ్డలా ఎత్తుకొచ్చాక నాకు బుర్ర వెలిగింది. పాలు తోడుకోలేదు! అంటే పెరుగు క్రిములను నా బ్యాక్టీరియా చంపేసింది! వెంటనే సారుకు ఫోన్ చేసి, "సార్, మందు వచ్చేసింది సార్!" అని అరిచాను. ఆ ఊపులో సీసాను దొంగతనంగా తెచ్చిన సంగతీ, ఫ్రిజ్ సంగతీ అన్నీ కక్కేశాను.

నాయనమ్మ అంతా వింటూ ఉంది. "ఎవలను సంపింది బిడ్డా? నేనిచ్చింది నీ సీసనే గద. గా పాలల్ల పెరుగు చుక్క పడనే లేదు. తోడెయ్యంది పాలు యాడ తోడుకుంటయ్?"

ఫోన్లో సారు నవ్వడం రెండేళ్లలో మొదటిసారి విన్నాను. "నేను అడగబోయింది మీ నాయనమ్మ అడిగేశారు. ఆ గిన్నె జాగ్రత్తగా పట్టుకుని రామ్మా. ఇంత పిచ్చి ఉన్నదానివి, అంశం మార్చొద్దులే."

ఆ పాలలోంచే నా బ్యాక్టీరియాను మళ్లీ ఏరి బతికించుకున్నాను. ఏడాది దాటాక ఓ ఉదయం, వేరే క్రిములు పెంచిన ల్యాబు పళ్లెంలో, దాని చుట్టూ అవి చచ్చిన చిన్న ఖాళీ గుండ్రం కనబడింది. నేను అరవలేదు. నా బ్యాక్టీరియా వెయ్యని పళ్లెం తెచ్చి పక్కన పెట్టి చూశాను. అందులో క్రిములు నిండుగా ఉన్నాయి. ఇంకో మూడుసార్లు చేశాను. అన్నీ సరిపోయాక, సారుకు చెప్పడానికి నెమ్మదిగా నడిచి వెళ్లాను. నేను గెలిచింది ఆ రోజే. కానీ సంతోషం అనుకోగానే ఇప్పటికీ నాకు గుర్తొచ్చేది, ఏమీ తేలకుండానే, పాలగిన్నె చంకన పెట్టుకుని ఫోన్లో కేకలు పెట్టిన ఆ పిచ్చిపిల్లే.