చప్పుడు తగ్గించిన పొద్దు

ములకలపల్లి దాటి కొంతదూరం పోయాక తారు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి క్యాంపుకు తొమ్మిది కిలోమీటర్లు మట్టిదారి. మార్చి మొదటి వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు లారీ దిగాను. ముళ్లకంచె, ఇసుక బస్తాల గోడ, నాలుగు రేకుల షెడ్లు, ఒక చేతిపంపు. మా బెటాలియన్ వాళ్లం ముప్పై మందిమి. నాకు ఇచ్చిన పని, దారి తనిఖీ పార్టీలో రెండో మనిషి.

రోజూ పొద్దున ఐదున్నరకు పది మందిమి గేటు నుంచి కల్వర్టు దాకా నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లం. ముందు మనిషి చేతిలో మందుపాతరలు పసిగట్టే డిటెక్టర్. నేలలో లోహం ఉంటే హెడ్‌ఫోన్‌లో కూత వస్తుంది. అది అతనొక్కడికే వినిపిస్తుంది. నేను వెనక నుంచి దారికి రెండు పక్కలా సున్నప్పొడితో గీత వేసేవాణ్ణి. కల్వర్టు చేరాక వైర్‌లెస్ సెట్‌లో క్లియర్ అని చెబితే క్యాంపు బండ్లు కదిలేవి. గూడెం ఆటోలకు సెట్ అక్కర్లేదు. తెల్లగీత కనబడితే చాలు, బయలుదేరేవి.

ముందు మనిషి హెడ్ కానిస్టేబుల్. నేలకొండపల్లి వైపువాడు. అందరం అన్న అనేవాళ్లం. మట్టిలో గుర్రపునాడా మేకును కూడా పట్టేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. తాగేవాడు. నేను వెళ్లేసరికే తాగేవాడు. గూడెంలో ఇప్పసారా కాచే రోజులు. పొద్దున కొంచెం పడకపోతే బూటు లేసు కట్టుకోలేకపోయేవాడు.

మేం దాచాం. వంటమనిషి నిమ్మరసం కలిపి ఇచ్చేవాడు. నేను సోంపు పొట్లం జేబులో పెట్టుకునేవాణ్ణి. ఆయన లేవలేని పూట కాపలా నేను కాసి, రిజిస్టర్‌లో జ్వరం అని రాసేవాణ్ణి. మంచి పని చేస్తున్నాననుకున్నాను.

గేటు దగ్గర ఒక నియమం ఉంది. కమాండర్ ఎదుట ఇనుప బోల్టు మీద డిటెక్టర్ పెట్టి, ఇద్దరు కూత వినాలి. ఏప్రిల్‌లో ఒకరోజు అన్న దగ్గర వాసన మరీ ఎక్కువగా ఉంది. కమాండర్ ఎదుట నిలబెడితే దొరికిపోతాడు. నేను ముందే వెళ్లి, "టెస్ట్ అయింది సార్" అన్నాను. ఆయన తల ఊపాడు. బయలుదేరాం.

ఎనిమిదింబావుకు కల్వర్టు చేరాం. దారంతా ఒక్క మేకు కూడా దొరకలేదు. అన్న హెడ్‌ఫోన్ తీసి రాయి మీద పెట్టి నీళ్లు తాగుతున్నాడు. సెట్ ఆపరేటర్ సెట్ అందుకున్నాడు. నేను హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని, డిటెక్టర్‌ను నా తుపాకీ వైపు తిప్పాను. ఏమీ వినిపించలేదు. చూస్తే చప్పుడు పెంచి తగ్గించే మర అడుగుదాకా తిప్పి ఉంది.

"అన్నా, గిదేంది?"

"తల పగులుతుంది తమ్మీ. ఆ కూత మెదడుల గుచ్చుతుంది. గేటు కాడ జర తగ్గించిన."

"జరనా? మొత్తం బందయింది!"

ఆయన మరను చూశాడు. తర్వాత దారిని చూశాడు. రెండు పక్కలా నా గీతలు తెల్లగా, తిన్నగా ఉన్నాయి.

"క్లియర్ అనకు" అన్నాను ఆపరేటర్‌తో. అప్పుడే వెనక మలుపు వైపు ఆటో చప్పుడు వినిపించింది. ఆ రోజు సంత.

మేం ఇంకా మాటల్లోనే ఉన్నాం. అన్న పరిగెత్తాడు. మేం నడిచిన అడుగుల్లోనే కాలు పెట్టాలని కూడా చూసుకోలేదు. చెక్ కాని దారి మీద, మధ్యలో, నలభై తొమ్మిదేళ్ల మనిషి రెండు వందల మీటర్లు పరిగెత్తాడు. మలుపు దగ్గర ఆటోకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

ఆటోలో ఎనిమిది మంది, కోళ్ల గంపలు. గాలి అటు నుంచే వీస్తోంది. అందరూ అరుస్తుంటే మాటలన్నీ మా దాకా వినిపించాయి.

"సార్, గీత పడ్డది గదా! సంతకు ఆలిస్యమైతంది" అన్నాడు డ్రైవర్.

లోపలి నుంచి ఒక ముసలామె అరిచింది. "పొద్దుగాల్నే ఎక్కించి బండ్లాపుతున్నవా? సిగ్గు లేదా?"

"అవ్ అవ్వా. తాగిన. గందుకే దిగకుండ్రి. కాలు కింద పెట్టకుండ్రి."

తాగానని ఆయన ఎవరి ముందైనా ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

నేను సెట్ తీసుకున్నాను. ఆపరేటర్ నా చేయి పట్టుకున్నాడు. "బ్యాటరీ పోయిందని చెప్దాం. అన్న కొలువు పోతది."

వదిలించుకుని మాట్లాడాను.

"సార్, దారి క్లియర్ కాలేదు. గేటు తియ్యకుండ్రి."

"టెస్ట్ అయిందన్నవ్ గదా?"

"కాలేదు సార్. అబద్ధం చెప్పిన."

కమాండర్ గేటు మూయమని అవతల ఎవరికో అరిచాడు. "ఇగో, మల్ల మొదలుపెట్టు. నువ్వే పట్టుకో" అన్నాడు.

చప్పుడు పూర్తిగా పెంచి, కల్వర్టు నుంచి ఆటో వైపు, దారి మొత్తం వెడల్పున వెతుక్కుంటూ వెళ్లాను. రెండు గంటలు పట్టింది. ఒక నాగలి కర్రు ముక్క, రెండు మేకులు దొరికాయి. మందుపాతర లేదు. మిగతా దారిని గేటు నుంచి ఇంకో డిటెక్టర్‌తో వచ్చిన రెండో పార్టీ మధ్యాహ్నానికి పూర్తిచేసింది. అక్కడా ఏమీ లేదు.

సాయంత్రం రిపోర్ట్ రాశాను. నాలుగు వారాల దొంగ జ్వరాలు కూడా రాశాను. అన్న నా మంచం దగ్గరికి వచ్చాడు.

"రాసినవా?"

"రాసిన అన్నా."

"నీది గూడ రాసుకున్నవా?"

"రాసుకున్న."

"మరి ఇంకేంది, పండుకో" అని వెళ్లిపోయాడు.

నాకు మెమో వచ్చింది. ఆయనను ఖమ్మం దవాఖానాకు పంపారు. ఏడు నెలలు మానేశాడు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. రెండేళ్లకు లివర్ పోయి చనిపోయాడు. దినానికి వెళ్లాను. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చి అడిగింది.

"ఆయన మీద రాసింది నువ్వేనా?"

"అవ్ వదినా."

"జర ముందుగాల రాయకపోతివి" అంది. కోపంగా అనలేదు. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆటో ఆపిన మరుసటి ఏడాది జూన్‌లో, వాన మొదలైన వారంలో క్యాంపులో నా డ్యూటీ ముగిసింది. వచ్చిన లారీలోనే వెళ్లిపోయాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. అడవిలో ఏం చూశావని పిల్లలు అడుగుతారు. కాల్పుల గురించి చెప్పమంటారు. నాకు కనబడేది వేరు. ఎర్రటి దారి. నేను అడుగు, అర అడుగు చొప్పున వెళుతున్నాను. ఎదురుగా ఆటో, దాని ముందు అన్న. ఎండ ఎక్కుతున్నా, నీడ పక్కనే ఉన్నా ఆ రెండు గంటలూ ఆయన కూర్చోలేదు. చాపిన చేతులు దించలేదు. ఎంత నడిచినా నేను ఇంకా ఆయన దగ్గరికి చేరలేదు.